వెండితెర భూతాలు - ఇంటి కాపలాదారులు

చిమ్మచీకటి. పాడుబడ్డ గోడ పక్కన రెండు కళ్లు నిప్పుకణికల్లా మెరుస్తాయి. గుర్రుమనే శబ్దం సన్నగా మొదలై పెద్దదవుతుంది. హాల్లో అందరూ కుర్చీల చేతులు గట్టిగా పట్టుకుంటారు. మరుక్షణం నల్లటి పెద్ద కుక్క ఒకటి కోరలు చూపుతూ మీదికి దూకుతుంది!

ఇలాంటి దృశ్యం మీరు ఏదో ఒక సినిమాలో చూసే వుంటారు. జంతువులను చూపి భయపెట్టే సినిమాలు ప్రపంచంలో చాలా వచ్చాయి. 1975లో వచ్చిన 'జాస్' అనే అమెరికన్ సినిమా ఒక సొరచేపతో ప్రేక్షకులను హడలగొట్టింది. అది విపరీతంగా ఆడటంతో ఎలుగుబంటి, మొసలి, పిరానా చేప, చివరికి తేనెటీగ కూడా వరసగా తెరమీద రాక్షసులయ్యాయి. ఆ వరసలోకే కుక్క కూడా వచ్చి చేరింది.

కాని మిగిలిన జంతువులకూ కుక్కకూ ఒక తేడా వుంది. సొరచేప సముద్రంలో వుంటుంది. ఎలుగుబంటి అడవిలో వుంటుంది. సినిమా అయిపోయాక వాటితో మనకు పని లేదు. కుక్క అలా కాదు. సినిమా హాలు గేటు దగ్గరే పడుకుని వుంటుంది. మీరు బడికి వెళ్లే దారిలో రోజూ ఎదురవుతుంది. తెరమీద పుట్టిన భయం మన వెంట వీధిలోకి వచ్చేస్తుంది. అందుకే ఆ భయంలో నిజమెంత, కల్పన ఎంత అని విడదీసి చూడటం మనకు అవసరం. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరి చూద్దాం రండి.

గుమ్మం దగ్గర నిలబడిన జంతువు

కుక్కలన్నిటికీ పూర్వీకుడు తోడేలు. మనిషి మచ్చిక చేసుకున్న మొట్టమొదటి జంతువు కుక్కే. జర్మనీలోని బాన్ నగరం దగ్గర మనుషులతో పాటు పూడ్చిపెట్టిన ఒక కుక్క ఎముకలు దొరికాయి. వాటి వయసు సుమారు 14,000 సంవత్సరాలు. అంటే మనిషి నాగలి పట్టకముందే అతని పక్కన కుక్క వుందన్నమాట.

రైతు వచ్చే ఏడాది విత్తనానికి మంచి కంకులు ఏరి దాచుకుంటాడు కదా? మనిషి కుక్కల విషయంలోనూ అదే చేశాడు. పరుగెత్తేవాటిని వేటకు, మందను కలిసికట్టుగా వుంచేవాటిని గొర్రెల వెంటకు, కొత్తవాళ్లను చూసి మొరిగేవాటిని ఇంటి కాపలాకు ఎంచుకుని, వాటి పిల్లలనే పెంచుతూ వచ్చాడు. దీనినే కృత్రిమ వరణం అంటారు. చార్లెస్ డార్విన్ తన పరిణామ సిద్ధాంతాన్ని వివరించేటప్పుడు ఇలాంటి ఉదాహరణలతోనే మొదలుపెట్టాడు.

కాపలా కుక్క గుమ్మం దగ్గర వుంటుంది. లోపలివారికి అది ధైర్యం, బయటివారికి భయం. ఒకే కుక్క, ఒకే గుమ్మం. మనం ఏ పక్క నిలబడ్డామన్నదే తేడా! అందుకేనేమో పురాణాల్లో చావు వాకిలికి కూడా కుక్కలనే కాపలా పెట్టారు. గ్రీకు పురాణాల్లో పాతాళ ద్వారం దగ్గర మూడు తలల కుక్క వుంటుంది. మన ఋగ్వేదంలో యముడి దారిని నాలుగేసి కళ్లున్న రెండు కుక్కలు కాస్తుంటాయి. నాలుగు కళ్లున్న కుక్క ఎక్కడైనా వుంటుందా అనుకుంటున్నారా? కొన్ని కుక్కలకు రెండు కళ్లపైనా గోధుమరంగు చుక్కలు గుండ్రంగా వుంటాయి. దూరం నుంచి చూస్తే అవీ కళ్లలాగే కనబడతాయి. పురాణాల్లోని నాలుగు కళ్లు ఇవే అయివుంటాయని పండితుల ఊహ. ఆ చుక్కలు మన వీధికుక్కల్లో కొన్నిటికి వున్నాయి. డాబర్‌మన్‌కూ, రాట్‌వైలర్‌కూ వున్నాయి. సినిమావాళ్లు ఎక్కువగా భూతాలుగా చూపించింది కూడా ఈ రెండు జాతులనే!

మెరిసే వేటకుక్క, మీ రసాయనశాస్త్రం పాఠం

భయపెట్టే కుక్కల కథల్లో అన్నిటికంటే పేరుపొందినది ఆర్థర్ కోనన్ డాయల్ రాసిన 'ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్'. 1901-02లో ఒక పత్రికలో వరసగా వచ్చి, 1902లో పుస్తకమైంది. డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ కథ ఇది. ఇంగ్లండులోని డార్ట్‌మూర్ అనే నిర్జన ప్రదేశంలో రాత్రిళ్లు ఒక దయ్యపు కుక్క తిరుగుతుంది. దాని నోరు, కళ్లు మంటల్లా వెలుగుతుంటాయి. చివరికి హోమ్స్ గుట్టు విప్పుతాడు. అది దయ్యమూ కాదు, భూతమూ కాదు. ఒక దుర్మార్గుడు పెద్ద కుక్క మూతికి భాస్వరం కలిపిన పదార్థం పూసి వదిలాడు. అంతే!

ఇక్కడ మీరు హోమ్స్‌నే ప్రశ్నించవచ్చు. తెల్లభాస్వరం గాలిలో నెమ్మదిగా ఆక్సీకరణం చెందుతూ చీకట్లో వెలుగుతుందన్నది నిజమే. కాని దానిని నీళ్లలో ఎందుకు దాచుతారో మీ పాఠంలో చదివారు. సుమారు 30 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు వస్తే చాలు, గాలిలో తనంతట తానే అంటుకుంటుంది. ఇంగ్లండు చలిలో ఏమోగాని, మన రెంటచింతల ఎండలో ఈ కథ మొదటి పేజీలోనే కాలిపోయేది! కుక్క ఒంటి వేడే 38 డిగ్రీలు దాటి వుంటుంది. పైగా తెల్లభాస్వరం భయంకరమైన విషం. గ్రాములో పదో వంతు కడుపులోకి వెళితే మనిషి ప్రాణమే పోవచ్చు. మూతికి ఏది పూసినా కుక్క నాకకుండా వుంటుందా? అది ఎవరినీ తరమకముందే తనే చచ్చిపోయేది.

ఇంకొక చిక్కు. తెల్లభాస్వరానికి వెల్లుల్లి లాంటి వాసన వుంటుంది. మన ముక్కులో వాసనను గుర్తించే గ్రాహకాలు సుమారు యాభై లక్షలు. కుక్క ముక్కులో ఇరవై కోట్లకు పైగా వుంటాయి. అలాంటి ముక్కు ముందే భాస్వరం పూస్తే అది మనిషి జాడను ఎలా పసిగడుతుంది? రచయిత కోనన్ డాయల్ డాక్టరు చదువు చదివినవాడు. ఈ ప్రశ్న వస్తుందని అతనికి తెలుసు. అందుకే ఆ మందుకు వాసన లేదని హోమ్స్ చేత చెప్పించి తప్పించుకున్నాడు!

ఈ కథను ఎన్నోసార్లు సినిమాగా తీశారు. 1939లోనూ, 1959లోనూ వచ్చిన సినిమాల్లో దయ్యపు కుక్క వేషం వేసింది గ్రేట్ డేన్ జాతి కుక్క. ఒకప్పుడు జర్మనీలో అడవిపందుల వేటకు పెంచిన జాతి ఇది. మగ కుక్క భుజం దగ్గర 80 సెంటీమీటర్ల ఎత్తు, ఆపైన వుంటుంది. ఆకారం అంత భారీగా వున్నా, ఇవాళ ఇళ్లలో పెరిగే గ్రేట్ డేన్ నెమ్మదైన కుక్కగా పేరు తెచ్చుకుంది. అది ఎంత నెమ్మదిగా కనబడిందో, 1959 సినిమాలో దాని ముఖానికి ఒక తొడుగు వేయవలసి వచ్చింది.

పన్ను వసూలుదారు తోడు - డాబర్‌మన్

జర్మనీలో అపోల్డా అనే చిన్న పట్టణం వుంది. పందొమ్మిదవ శతాబ్దిలో అక్కడ కార్ల్ ఫ్రెడ్రిక్ లూయీ డాబర్‌మన్ అనే ఆయన పన్నులు వసూలు చేసేవాడు. డబ్బు సంచితో ఊళ్లు తిరిగే వాడికి దొంగల భయం సహజమే కదా! తోడుగా ఒక చురుకైన, ధైర్యమున్న కుక్క కావాలనుకున్నాడు. వీధికుక్కలను పట్టి వుంచే దొడ్డి బాధ్యత కూడా ఆయనదే కావడంతో రకరకాల కుక్కలు చేతికి అందాయి. వాటిని కలిపి కొత్త జాతిని తయారుచేశాడు. 1894లో ఆయన చనిపోయాక ఆ జాతికి ఆయన పేరే పెట్టారు.

రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో డాబర్‌మన్లు పనిచేశాయి. 1944లో పసిఫిక్ మహాసముద్రంలోని గ్వామ్ దీవిలో జరిగిన పోరులో చనిపోయిన 25 సైనిక కుక్కలకు అక్కడ ఒక స్మారకం వుంది. దాని మీద కూర్చుని వున్న డాబర్‌మన్ విగ్రహాన్ని ప్రతిష్ఠించారు.

అలాంటి కుక్క సినిమాల్లో ఏమైంది? 1972లో వచ్చిన 'ది డాబర్‌మన్ గ్యాంగ్'లో బ్యాంకు దోచుకునే ముఠా అయింది. ఆ దశాబ్దం చివరలో వచ్చిన 'జోల్టాన్, హౌండ్ ఆఫ్ డ్రాకులా'లో రక్తం తాగే పిశాచం అయింది. 2002లో వచ్చిన 'రెసిడెంట్ ఈవిల్'లో చచ్చి లేచిన శవమైపోయింది.

డాబర్‌మన్ గురించి ఒక వదంతి మీరూ విని వుంటారు: "దాని మెదడు పెరుగుతూనే వుంటుంది, పుర్రె మాత్రం పెరగదు. అందువల్ల కొన్నేళ్లకు పిచ్చెక్కి యజమానినే చంపుతుంది" అని. ఇందులో ఇసుమంతైనా నిజం లేదు. ఏ పాలిచ్చే జంతువులోనైనా మెదడు, పుర్రె కలిసి పెరుగుతాయి, కలిసే ఆగుతాయి. డాబర్‌మన్ మెదడు మిగిలిన కుక్కల మెదడు లాంటిదే. నిజానికి ఈ జాతిని ఎక్కువగా బాధించేది గుండెజబ్బు. గుండె కండరం బలహీనపడి ఎన్నో డాబర్‌మన్లు అర్ధాయుష్షుతో చనిపోతాయి. మనం దాని మెదడును చూసి భయపడుతుంటే అది గుండె ఆగి చచ్చిపోతున్నదన్నమాట.

ఇంకొక సంగతి గమనించండి. సినిమాలో డాబర్‌మన్ చెవులు కొమ్ముల్లా నిక్కి వుంటాయి. తోక వుండదు. పుట్టుకతో అది అలా వుండదు! దాని చెవులు వేలాడుతూ, తోక పొడుగ్గా వుంటాయి. పిల్లగా వున్నప్పుడే తోక కత్తిరించి, చెవులు కోసి, నిలబడేలా కట్టు కడతారు. జర్మనీ, బ్రిటన్ వంటి దేశాలు చెవులు కోయడాన్ని నిషేధించాయి. ఆ భయంకరమైన రూపం ప్రకృతి ఇచ్చింది కాదు, కత్తెర ఇచ్చింది. చెవులు, తోక కుక్కకు భాష లాంటివి. వాటితోనే అది కోపం, భయం, సంతోషం తెలుపుతుంది. వాటిని కోసేసి "ఈ కుక్క ఎప్పుడేం చేస్తుందో తెలియదు" అనడం, నోరు కుట్టేసి మాట్లాడలేదని నిందించడం లాంటిది.

కసాయివాడి కుక్క - రాట్‌వైలర్

జర్మనీలోనే రాట్‌వైల్ అనే పాత పట్టణం వుంది. రోమన్ల కాలం నుంచీ వున్న ఊరు. అక్కడి పశువుల వర్తకులు, మాంసం అమ్మేవాళ్లు మందలను తోలడానికి, బండి లాగడానికి బలమైన కుక్కలను పెంచేవారు. వాటికి 'రాట్‌వైల్ కసాయివాడి కుక్క' అనే పేరు వుండేది. రైలు వచ్చాక పశువులను రోడ్డు మీద తోలే పని తగ్గిపోయింది. పనిపోయిన కుక్కలు కూడా తగ్గిపోయాయి. దాదాపు అంతరించే దశలో, 1910లో జర్మన్ పోలీసులు వాటిని తమ పనికి తీసుకోవడంతో జాతి బతికిపోయింది.

1976లో 'ది ఓమెన్' అనే సినిమా వచ్చింది. అందులో డేమియన్ అనే చిన్న పిల్లవాడు సైతాను కొడుకు. ఒక నల్లటి రాట్‌వైలర్ వాడికి కాపలా కాస్తుంది. శ్మశానంలో కుక్కలు మీదపడే దృశ్యం ప్రేక్షకుల మనసుల్లో నాటుకుపోయింది. కాని ఒక్కసారి ఆలోచించండి. ఆ సినిమాలో కుక్క చేసిన పనేమిటి? పిల్లవాడిని కనిపెట్టుకుని వుండటం! అది కాపలా కుక్క ధర్మమే. పిల్లవాడు మంచివాడా, సైతానా అన్నది కథ రాసినవాళ్ల ఇష్టం. కుక్కకు ఆ తేడా ఏం తెలుస్తుంది?

అల్సేషియన్ సంగతి మరీ విచిత్రం. 1899లో జర్మనీలో గొర్రెల కాపలా కుక్కల నుంచి ఈ జాతిని తీర్చిదిద్దారు. 1920లలో రిన్ టిన్ టిన్ అనే అల్సేషియన్ అమెరికన్ సినిమాల్లో పెద్ద కథానాయకుడు! 1977లో వచ్చిన 'సస్పీరియా' అనే ఇటాలియన్ సినిమాలో ఒక అల్సేషియన్ తన గుడ్డి యజమానినే చంపుతుంది. అదే ఏడాది వచ్చిన 'ది హిల్స్ హావ్ ఐస్' అనే అమెరికన్ సినిమాలో మరో అల్సేషియన్ తన కుటుంబాన్ని దుర్మార్గుల నుంచి కాపాడుతుంది. ఒకే ఏడాది, ఒకే జాతి, రెండు వేషాలు. మారింది కుక్క కాదు, కథ.

భయాన్ని ఎలా తయారుచేస్తారు?

మొదట కళ్లు. కుక్క కంటిలో రెటీనా వెనుక అద్దం లాంటి ఒక పొర వుంటుంది. రెటీనాను దాటిపోయిన కాంతిని ఆ పొర మళ్లీ వెనక్కు పంపుతుంది. దానివల్ల మసకవెలుతురులో కూడా కుక్కకు బాగా కనబడుతుంది. కెమెరా పక్కనే దీపం పెడితే ఆ కాంతి తిరిగివచ్చి కళ్లు నిప్పుల్లా కనిపిస్తాయి. ఈ రాత్రి దూరం నుంచి మీ ఇంటి పిల్లి మీదికో, కొట్టంలోని ఆవు మీదికో టార్చిలైటు వేసి చూడండి. లైటును మీ కంటి పక్కనే పట్టుకోవాలి. 'సైతాను చూపు' మీ ఆవుకు కూడా వుందని తెలుస్తుంది! మన కంటిలో ఆ పొర లేదు.

తర్వాత కెమెరా. నేలకు దగ్గరగా పెట్టి పైకి చూపిస్తే మోకాలెత్తు కుక్క కూడా ఏనుగంత కనబడుతుంది. ఇక శబ్దం. కుక్క గుర్రుమనే ధ్వని చాలావరకు తర్వాత కలిపేదే. పెద్ద జంతువుల గొంతు లావుగా, బొంగురుగా వుంటుంది కనుక, తక్కువ పౌనఃపున్యం వున్న ధ్వని వినగానే 'పెద్ద జంతువు వస్తోంది' అని మన మెదడు అనుకుంటుంది. వీలైతే ఇలాంటి దృశ్యాన్ని ఒకసారి శబ్దం తీసేసి చూడండి. అనేకసార్లు ఆ కుక్క కోపంగా లేదని, ఎవరో ఆడుకోవడానికి పిలిస్తే పరుగెత్తుతున్నదని మీకే అర్థమవుతుంది.

మంచులో రక్షకుడు, తెరమీద రాక్షసుడు

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన కథకు వద్దాం. స్విట్జర్లండ్, ఇటలీ దేశాల మధ్య ఆల్ప్స్ పర్వతాల్లో 2,469 మీటర్ల ఎత్తున ఒక కనుమ వుంది. ఆ దారిన పోయే బాటసారుల కోసం క్రైస్తవ సన్యాసులు అక్కడ ఒక సత్రం నడుపుతూ వచ్చారు. పదిహేడవ శతాబ్దిలో ఆ సత్రానికి కాపలాగా పెద్ద కుక్కలను పెంచడం మొదలుపెట్టారు. అవే సెయింట్ బెర్నార్డ్ కుక్కలు. కాపలాకు వచ్చిన ఆ కుక్కలు, మంచులో కూరుకుపోయిన మనుషులను వాసన పట్టి వెతకడం కూడా నేర్చుకున్నాయి. 1800 నుంచి 1814 వరకు బతికిన బారీ అనే కుక్క 40 మందికి పైగా ప్రాణాలు కాపాడిందని ప్రసిద్ధి. దాని కళేబరాన్ని బెర్న్ నగరంలోని ప్రకృతి శాస్త్ర ప్రదర్శనశాలలో ఇప్పటికీ భద్రంగా వుంచారు.

1981లో అమెరికన్ రచయిత స్టీఫెన్ కింగ్ 'కూజో' అనే నవల రాశాడు. 1983లో అది సినిమాగా వచ్చింది. కూజో ఒక సెయింట్ బెర్నార్డ్. ఎవరినీ ఏమీ అనని సాధువైన కుక్క. ఒకరోజు కుందేలును తరుముతూ గుహలో తల దూర్చుతుంది. అక్కడి గబ్బిలం దాని ముక్కును కరుస్తుంది. ఆ కాటుతో రేబిస్ వ్యాధి సోకుతుంది. తర్వాత ఆ కుక్క ఒక తల్లిని, చిన్న కొడుకును మండుటెండలో కారులోంచి దిగనీయకుండా దిగ్బంధం చేస్తుంది.

ఈ సినిమా తీసిన వాళ్లకు వచ్చిన కష్టం వింటే నవ్వొస్తుంది. కుక్కలు సంతోషంతో తోక ఆడిస్తూనే వుండటంతో తోకలు కట్టివేయవలసి వచ్చింది. మూతి చుట్టూ నురగ కోసం గుడ్డు తెల్లసొన, పంచదార కలిపి పూస్తే, రుచిగా వుందని అవి నాకేసేవి! కారు మీదికి దూకాలంటే లోపల వాటికి ఇష్టమైన ఆటబొమ్మలు పెట్టవలసి వచ్చింది. మరీ భయంకరమైన చోట్ల యంత్రంతో చేసిన తలను, కుక్క తోలు వేషం వేసుకున్న మనిషిని వాడారు.

కాని మిగిలిన సినిమాల్లో లేనిది ఇందులో ఒకటి వుంది. ఇందులో దయ్యం లేదు, సైతాను లేదు. వున్నది నిజమైన వ్యాధి. నవల ప్రకారం కూజోకు దాని యజమాని రేబిస్ టీకా ఎన్నడూ వేయించలేదు. అంటే ఆ కథలో అసలు రాక్షసి కుక్క కాదు. ఒకటి వైరస్, రెండోది వేయించని ఒక్క సూదిమందు.

అసలు రాక్షసి ఎలా వుంటుంది?

రేబిస్ వైరస్ తుపాకీ గుండు ఆకారంలో వుంటుంది. ఒక మిల్లీమీటరు పొడవులో అయిదు వేలకు పైగా వరసగా పేర్చవచ్చు, అంత చిన్నది! వ్యాధి వున్న జంతువు లాలాజలంతో పాటు గాయంలోకి దిగుతుంది. చాలా సూక్ష్మజీవుల మాదిరి రక్తంలో ప్రవహించదు. నరాలను పట్టుకుని, తీగ మీద పాకే చీమలా, మెదడు వైపు నెమ్మదిగా ప్రయాణిస్తుంది. మనుషుల్లో దీనికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. ఒక్కోసారి వారమే పట్టవచ్చు, ఒక్కోసారి ఏడాది. ముఖం మీద కరిస్తే దారి దగ్గర, కాలి మీద కరిస్తే దూరం.

మెదడు చేరాక అక్కడ పెరిగి, మళ్లీ నరాల గుండా లాలాజల గ్రంథుల్లోకి వస్తుంది. గొంతు కండరాలు పట్టేయడంతో మింగలేక చొంగ కారుతుంది. సినిమాలో చూపే నురగ ఇదే. చిన్న శబ్దాన్ని కూడా జబ్బు కుక్క భరించలేదు. టెలిఫోను మోగితే కూజో బాధపడే దృశ్యం శాస్త్రానికి దగ్గరగానే వుంది. అయితే ప్రతి రేబిస్ కుక్కా కూజోలా మీదపడదు. కొన్ని మూలకు చేరి, దవడ వేలాడేసి, నీరసంగా పడి వుంటాయి. పాపం, గొంతులో ఏదో అడ్డుపడిందని నోట్లో చెయ్యిపెట్టే వాళ్లున్నారు. అదీ ప్రమాదమే.

లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బుకు మందు లేదు. దాదాపు నూటికి నూరుపాళ్లూ మరణమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 59,000 మంది దీనివల్ల చనిపోతున్నారు. వీరిలో నూటికి 40 మంది పదిహేనేళ్ల లోపు పిల్లలు. అంటే మీ ఈడువాళ్లు, మీ తమ్ముళ్లు, చెల్లెళ్లు. నూటికి 99 కేసుల్లో వ్యాధి వచ్చేది కుక్క నుంచే.

అయినా మనిషి ఓడిపోలేదు. వైరస్ నెమ్మదిగా నడుస్తుందన్నాం కదా? అది మెదడు చేరేలోగా మనం శరీరాన్ని సిద్ధం చేయవచ్చు. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ ఈ పరుగుపందెంలో మొదటిసారి గెలిచాడు. పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మీస్టర్‌కు పది రోజులకు పైగా వరసగా టీకాలు వేశాడు. పిల్లవాడు బతికాడు. పెద్దయ్యాక పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో కాపలాదారుగా పనిచేశాడు! మన దక్షిణాదిలో ఈ టీకాల కోసం 1907లో నీలగిరి కొండల్లోని కూనూరులో పాశ్చర్ సంస్థ వెలసింది.

"బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు" అని మీ తాతయ్యలు చెప్పే మాట నిజమే. అవి గొర్రె మెదడు నుంచి తయారుచేసిన పాతకాలపు టీకాలు. మన దేశంలో 2004తో వాటికి కాలం చెల్లింది. ఇప్పటి టీకాలు భుజానికే వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో నాలుగుసార్లు వెళితే చాలు. గాయం లోతుగా వుంటే వాటితో పాటు గాయం దగ్గర మరో మందు కూడా ఇస్తారు. ఏది, ఎన్ని అన్నది డాక్టరు చెబుతాడు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా ఉచితం.

జాతిని చూసి గుణం చెప్పగలమా?

భయపెట్టే జాతులను నిషేధిస్తే సరిపోతుంది కదా అని మీరు అడగవచ్చు. 2024 మార్చిలో మన కేంద్ర ప్రభుత్వం రాట్‌వైలర్‌తో సహా 23 జాతుల పెంపకాన్ని ఆపమని రాష్ట్రాలకు రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది.

శాస్త్రం ఏమంటుంది? 2022లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం వెలువడింది. 18,000కు పైగా కుక్కల ప్రవర్తన గురించి యజమానులను అడిగారు. వాటిలో రెండు వేలకు పైగా కుక్కల జన్యువులను చదివారు. ఒక కుక్కకూ మరో కుక్కకూ మధ్య వుండే ప్రవర్తన తేడాల్లో జాతి వల్ల వచ్చేది నూటికి 9 పాళ్లేనని తేలింది. మిగిలినదంతా ఆ కుక్క పెరిగిన తీరు, వయసు, అనుభవాలు, దాని సొంత స్వభావం. అయితే ఒక మాట మరవకండి. పెద్ద కుక్క కరిస్తే గాయం పెద్దది. రాత్రింబవళ్లు గొలుసుకు కట్టేసి, కొట్టి, ఎవరినీ దగ్గరకు రానీయకుండా పెంచిన బలమైన కుక్క ఏ జాతిదైనా ప్రమాదమే. ఆ ప్రమాదాన్ని తయారుచేసింది గొలుసు పట్టుకున్న చెయ్యి.

ఎదురైతే ఏం చేయాలి?

తెలియని కుక్క మీదికి వస్తే పరుగెత్తకండి. పరుగెత్తేదాన్ని తరమడం కుక్కకు సహజం. కదలని చెట్టులా నిలబడండి. చేతులు ఒంటికి ఆనించి, చూపు నేల వైపు తిప్పండి. వాసన చూసి అది వెళ్లిపోయే అవకాశం ఎక్కువ. కిందపడితే మోకాళ్లు ముడుచుకుని, చేతులతో మెడ, చెవులు కప్పుకోండి. తింటున్న, నిద్రపోతున్న, పిల్లలకు పాలిస్తున్న కుక్క జోలికి పోవద్దు. 'మొరిగే కుక్క కరవదు' అన్న సామెతను మాత్రం నమ్ముకోకండి. మొరగడం ఒక హెచ్చరిక. దానిని గౌరవించండి.

కుక్క కరిచినా, గోటితో గీరినా, గాయాన్ని ధారగా పడే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. సబ్బు ఈ వైరస్ పైపొరను కరిగించి చంపుతుంది. కారం, సున్నం, పసుపు, ఆకుపసర్లు రాయకండి. కట్టు కట్టకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పది రోజులు కుక్కను గమనించమంటారు. కాని అది బతుకుతుందా చస్తుందా అని చూస్తూ మొదటి టీకా ఆపకూడదు. మొదలుపెట్టాక మధ్యలో మానకూడదు. మీ ఇంటి కుక్కకు ఏటా టీకా వేయించండి. ఒక ప్రాంతంలో నూటికి 70 కుక్కలకు టీకా వేస్తే అక్కడ రేబిస్ వ్యాప్తి ఆగిపోతుంది.

చివరగా ఒక ముఖ్యమైన మాట. సినిమాలో ప్రమాదం వచ్చేముందు సంగీతం వినిపిస్తుంది. కళ్లు మెరుస్తాయి. నిజజీవితంలో అలాంటి హెచ్చరికలేవీ వుండవు. అరుగు కింద కూనతో ఆడుకుంటుంటే చిన్న పన్ను దిగుతుంది. ఒక్క రక్తపు చుక్క. 'అమ్మ తిడుతుంది' అని చొక్కా చెయ్యి కిందికి లాక్కుని దాచేసే పిల్లలున్నారు. రెండు నెలల తర్వాత దాచడానికేమీ మిగలదు. మీకు గాని, మీ తమ్ముడికి గాని అలాంటి గీత పడితే అదే రోజు ఇంట్లో చెప్పండి. తిట్లు సాయంత్రానికి చల్లారిపోతాయి. తెరమీది రాట్‌వైలర్ మిమ్మల్ని ఏమీ చేయలేదు. దాచిన ఆ చిన్న గీతకే భయపడాలి.